అరకు దాటాక కూడా రైలుంది

శీతాకాలం వచ్చిందంటే చాలు, మన దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కడం, శృంగవరపుకోట దాటాక కొండలు దగ్గరకు జరగడం, సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు కేకలు పెట్టడం, బొర్రాలో కొందరు దిగిపోవడం, తక్కినవారు అరకులో దిగి బొంగు చికెన్ తిని, కాఫీ తోటలు చూసి, సాయంత్రం ఎదురు బండికి తిరుగుముఖం పట్టడం. వ్యాసం అక్కడికి సరి. రాసేవారు మారతారు, బొమ్మలు మారతాయి, వరస మాత్రం మారదు. ఈ వ్యాసాలనే నమ్ముకున్న పాఠకుడు ఆ బండి అరకులో ఇంజను తిప్పుకుని వెనక్కి వచ్చేస్తుందనుకుంటే అతని తప్పేమీ లేదు.

ఈ వ్యాసాల మీద నాకు కోపం లేదని మర్యాదకు రాయవచ్చు. కాని ఉంది. ఎందుకంటే ఆ బండి అరకులో ఆగిపోదు. విశాఖ నుంచి కిరండూల్‌కు సుమారు 470 కిలోమీటర్లు. అందులో మూడోవంతు కూడా గడవకముందే అరకు వచ్చేస్తుంది. తక్కిన దారంతా ఏమైంది? ఆ దారి పక్కన బతుకుతున్న మేమేమయ్యాం? తెలుగువాడి చూపు తెలుగు రాష్ట్రం పొలిమేర దాకానే ఆనుతుందా? ఈ పత్రిక చదివే మీరు హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఈ ప్రశ్న మీకు కొత్త కాదు. మీ ఊరి మీదుగా పోయే బండి గురించి రాసిన పెద్దలు కూడా మీ ఊరు రాకముందే కలం మూసి ఉంటారు.

ముందు దారి సంగతి చెబుతాను. అరకు దాటిన తరువాత గోరాపూర్, దార్లిపుట్, పాడువా, భేజా, మాచ్‌కుండ్ రోడ్, పాలిబా, సుకు, ఆ పైన కొరాపుట్ జంక్షన్. అక్కడి నుంచి మనబార్, జరతి, మాలిగుడ మీదుగా ఘాటు దిగితే జయపురం. ఇంకా ముందుకు కోట్‌పాడ్ రోడ్, ఆమగుడ. తరువాత ఛత్తీస్‌గఢ్‌లోకి ప్రవేశించి జగదల్‌పూర్, దంతెవాడ, బచేలీ, చివరకు కిరండూల్. కొత్తవలస మొదలు కిరండూల్ వరకు 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయని లెక్క చెబుతారు. వాటిలో చాలా సొరంగాలు అరకుకు ఇవతల అనంతగిరి కొండల్లోనే ఉన్నమాట నిజం. అంతమాత్రాన అందం అరకుతో అయిపోయిందనుకోవద్దు. కార్తీకంలో మెట్టల మీద పచ్చగా విరగబూసే వలిసె పూలు రాష్ట్రం హద్దు చూసుకుని పూయవు. పాడువా చుట్టూ చోడి చేలు, వాటి నడుమ ఎర్రమట్టి బాటలు, కొరాపుట్ దాటాక కొండ అంచు పట్టుకుని దిగుతుంటే కింద పరుచుకున్న జయపురం మైదానం, ఇవన్నీ కిటికీ పక్కన కూర్చున్న ఎవరికైనా ఉచితం. చూడటానికి అప్పటికి బండిలో మిగిలేది మేమే.

షిమిలిగుడ స్టేషను పేరు ఈ వ్యాసాలన్నిటిలో వస్తుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది కనుక దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తయిన స్టేషను అని చాలాకాలం చెప్పుకున్నాం. 2008, 2009లలో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి బళ్లు తిరగడం మొదలైన తరువాత ఆ గొప్ప పోయింది. అయినా ఇప్పటికీ అదే మాట తిరగరాస్తున్నవారున్నారు. ఇంకొందరు ఒడిశాలో సునాబెడ పక్కనున్న సెమిలిగుడ పట్నాన్నీ, ఆంధ్రలోని ఈ చిన్న స్టేషన్నీ ఒకటే చేసేస్తారు. నా ఉద్దేశంలో ఎత్తు పందెంలో ఓడిపోవడం వల్ల షిమిలిగుడకు వచ్చిన నష్టమేమీ లేదు. స్టేషను ఉన్నది జనం ఎక్కడానికీ దిగడానికీ. ఆ పని జరుగుతోందా లేదా అని ఏ వ్యాసకర్తా అడగలేదు. నా గొడవంతా అదే.

ఇంతకీ ఈ దారి ఎవరికోసం వేశారు? యాత్రికుల కోసం కాదు, మాకోసమూ కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం విశాఖ రేవుకు చేరడానికి ఆ దశాబ్దంలోనే దండకారణ్యం ప్రాజెక్టు పేరుతో ఈ మార్గం వేశారు. 1980ల మొదట్లోనే కరెంటు ఇంజన్లు వచ్చాయి. బరువు బళ్లు కొండలు దిగాలి కనుక వచ్చాయి. ఆ బళ్ల మధ్య ఎక్కడో దొరికిన సందులో ఒక పాసింజరు పెట్టారు. ఖనిజం కోసం వేసిన దారి మీద మనుషులు ఎక్కారు. పాలేరు కోసం వండిన అన్నంలో పసివాడికి ఒక ముద్ద పెట్టినట్టు మాకూ ఒక బండి దొరికింది. అదే మాకు మహాభాగ్యమైంది.

మా తెలుగు ఈ బండితో పాటు వచ్చిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. బండి రాక ముందే మేము ఇక్కడున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. ఆ రోజున కొరాపుట్ జిల్లా పుట్టింది. 1992లో అది నాలుగు జిల్లాలయింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేట్టు శాశ్వతమైన ఏర్పాటు చేశారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే ఉంది. విశాఖ సముద్రపుటొడ్డున యాత్రికులు ఫొటోలు తీసుకునే హవామహల్ జయపురం రాజులు కట్టించినదే. అంతటి జయపురం పేరు చెబితే ఈనాడు విశాఖలోనే చదువుకున్నవాళ్లు “రాజస్థానా?” అని అడుగుతారు. మా అమ్మాయి పెళ్లి శుభలేఖ అందుకున్న బంధువు ఒకాయన, అంత దూరం సంబంధం ఎలా కుదిరిందని నాకు ఫోను చేశాడు! ఆయన ఉండేది విజయనగరంలో.

ఇక బండి వేళల విషయం. పాసింజరు విశాఖలో ఉదయం ఏడుకు కాస్త ముందు బయల్దేరి, పొద్దెక్కేసరికి అరకు చేరి, సాయంత్రానికి జగదల్‌పూర్, రాత్రికి కిరండూల్ పోతుంది. కిరండూల్‌లో తెల్లవారుజామున బయల్దేరే ఎదురు బండి మధ్యాహ్నం కొరాపుట్ దాటి, సాయంత్రం అరకు వచ్చి, రాత్రి భోజనాల వేళకు విశాఖ చేరుతుంది. ఈ వేళలు యాత్రికుడికి అచ్చంగా సరిపోతాయి. పొద్దున వెళ్లి, మధ్యాహ్నమంతా తిరిగి, రాత్రికి ఇల్లు చేరవచ్చు.

అదే వేళల్లో కొరాపుట్ రోగిని ఎక్కించి చూడండి. ఈ ప్రాంతంలో ఏ పెద్ద జబ్బు వచ్చినా జనానికి మొదట గుర్తుకొచ్చేది విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రి. మధ్యాహ్నం బండి ఎక్కినవాడు రాత్రికి విశాఖలో దిగుతాడు. ఆ రాత్రి ఎక్కడో తలదాచుకోవాలి. మర్నాడు పొద్దున వైద్యుణ్ణి చూసేసరికి తిరుగు పాసింజరు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. రెండో రాత్రి కూడా అక్కడే. మూడోనాడు ఎక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. ఒక్క చీటీ రాయించుకోవడానికి మూడు రోజులు, రెండు రాత్రులు, తోడు వచ్చినవాడి కూలి. టికెట్టు ఖరీదు వీటిముందు ఏపాటి?

రాత్రి ఎక్స్‌ప్రెస్సు ఉంది కదా అంటారు. ఉంది. కొరాపుట్, జయపురం వాళ్లకు అది పనికొస్తుంది. పాలిబా, భేజా, దార్లిపుట్ వాళ్ల కోసం అది ఆగదు. బస్సులున్నాయి కదా అని ఇంకొకరంటారు. కొరాపుట్ నుంచి విజయనగరం పోయే జాతీయ రహదారి సుంకి ఘాటు దిగి సాలూరు మీదుగా పోతుంది. రైలు దారి పాడువా మీదుగా పోతుంది. ఈ రెండు దారులకూ నడుమ కొండలున్నాయి. పటం ముందు పెట్టుకుని చూస్తే ఎవరికైనా తెలిసే విషయమే ఇది. రహదారి మీద బస్సు ఉంది కనుక రైలు మార్గం పక్క ఊళ్లకు రైలు అక్కర్లేదనడం, చెరువు నిండింది కనుక నీ బావి ఎండినా ఫరవాలేదన్నట్టుంటుంది.

నేను వాణిజ్యశాస్త్రం చదువుకుని, ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకు పుస్తకాలతో కాలం గడిపినవాణ్ణి. కవిత్వం నా చేత కాదు, లెక్క మాత్రం వచ్చు. అంచేత చిన్న స్టేషన్లలో బండి ఆపడం దండగ అనేవారితో లెక్కలోనే మాట్లాడతాను.

ఒక బండి ఒకచోట ఆగితే ఎంత ఖర్చని రైల్వేవారు లెక్క కడతారు. ఆగేటప్పుడు బ్రేకుల అరుగుదల, మళ్లీ వేగమందుకోవడానికి కరెంటు, ఆ కాసేపూ పట్టాలు అట్టిపెట్టుకున్నందుకు ఇంకొంత. ఒకవైపు ఇది వేసి, రెండోవైపు ఆ స్టేషనులో అమ్మిన టికెట్ల సొమ్ము వేస్తారు. సొమ్ము తక్కువైతే ఆ ఊరు నష్టం ఖాతా. కాస్టు అకౌంటింగులో మాకు మొదటి ఏడాదే చెప్పిన పాఠం ఒకటుంది. ఉమ్మడి ఖర్చును ఎవరి నెత్తిన రాస్తే వాళ్లే నష్టంలో కనబడతారు. ఈ మార్గంలో పట్టాలు, వంతెనలు, సొరంగాలు, కరెంటు తీగలు, స్టేషను మాస్టర్లు, సిగ్నళ్లు అన్నీ ఖనిజం కోసం ఉన్నవి. పాసింజరు లేకపోయినా అవన్నీ ఉండాల్సిందే. పాలిబాలో ఒక్క మనిషి ఎక్కకపోయినా అక్కడ సిగ్నలు వెలగాల్సిందే. కనుక పాసింజరు ఖాతాకు రాయవలసినది ఆ బండి వల్ల అదనంగా అయ్యే ఖర్చు మాత్రమే. ఈ పద్ధతిలో లెక్క వేసి చూపించమని అడుగుతున్నాను. అప్పుడు కూడా నష్టమే వస్తే ఆ కాగితాన్ని కొరాపుట్ ప్లాట్‌ఫారం మీద అంటించమనండి, చదువుకుంటాం.

ఇంకొక సంగతి. ఈ మార్గం చాలాచోట్ల ఇప్పటికీ ఒంటి పట్టాలే. ఎదురుగా ఖనిజం బండి వస్తుంటే పాసింజరును చిన్న స్టేషనులో లూపులైను మీద పెట్టేస్తారు. పావుగంట, ఒక్కోసారి అరగంట. జనం దిగి చెట్టు కింద నిలబడి, బీడీ కాల్చి, నీళ్లు పట్టుకుని మళ్లీ ఎక్కుతారు. గూడ్సు కోసం అరగంట ఆగితే రానినష్టం, మనిషి కోసం ఒక్క నిమిషం ఆగితే ఎక్కణ్ణించి వస్తుందో నా లెక్కకు అందడం లేదు.

మరి రెండోవైపు, రాబడి అంటే టికెట్టు సొమ్మేనా? నేను పనిచేసిన శాఖల్లో ఒకదానిలో సంత మర్నాడు కౌంటరు దగ్గర జనం రెట్టింపయ్యేవారు. నలిగిన పది రూపాయల నోట్లు, చిల్లర మూటలు. అల్లం, చింతపండు, అడ్డాకులు అమ్ముకుని వచ్చిన డబ్బు. మహిళా సంఘాల వాళ్లు వాయిదాలు కట్టేది ఆ రోజే. నవంబరు వస్తే పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని సంతకం పెట్టడానికి బండి దిగి, కర్ర పొడుచుకుంటూ వచ్చేవారు. వాన వల్లో మరమ్మతుల వల్లో బండి రద్దయిన వారంలో మా శాఖలో వసూళ్లు పడిపోయేవి. 2023 సెప్టెంబరులో మనబార్, జరతి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయిన రోజుల్లో ఈ సంగతి బజారులో ప్రతి దుకాణదారుకూ తెలిసివచ్చింది. ఈ రాబడి రైల్వే ఖాతాలోకి రాదు, నిజమే. దేశం ఖాతాలోకి వస్తుంది.

మా బ్యాంకుల్లో ఒకప్పుడు ఒక నిబంధన ఉండేది. 1977 నుంచి 1990 దాకా, బ్యాంకులున్న ఊళ్లో కొత్తగా ఒక శాఖ తెరవాలంటే బ్యాంకులు లేని ఊళ్లలో నాలుగు తెరిచి తీరాలి. ఆ నాలుగింటిలో ఎన్ని మొదటి ఏడాదే లాభం చూపించాయి? చూపించలేదు. అయినా వడ్డీ వ్యాపారి తప్ప దిక్కులేని పల్లెలకు పాసుపుస్తకం వెళ్లింది ఆ నిబంధన వల్లే. కొండల్లో ఒక్క నిమిషం ఆగే బండి అలాంటి శాఖే.

2020 మార్చిలో కోవిడ్ వల్ల దేశమంతటా పాసింజరు బళ్లు ఆగిపోయాయి. ఆగడం వేరు, మళ్లీ మొదలైన తీరు వేరు. తిరిగి నడిపినప్పుడు వాటిని స్పెషళ్లన్నారు, ఎక్స్‌ప్రెస్ చార్జీ అన్నారు. కనీస టికెట్టు 10 రూపాయలుండేది 30 అయింది. బండి అదే, బల్లలు అవే, వేగం అదే. మారింది పేరూ ధరా. ఆ రోజుల్లో ఒక స్టేషను కిటికీ దగ్గర, స్టేషను పేరు అనవసరం, ఒక ముసలమ్మ పది రూపాయల నోటు చాచింది. గుమస్తా ముప్ఫై అన్నాడు. ఆమె ఆ నోటును కొంగున ముడివేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, పట్టాల పక్క బాట పట్టింది. గుమస్తాను అనడానికేమీ లేదు, ఆ ధర అతను పెట్టింది కాదు. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీలు తిరిగి వచ్చాయి, సంతోషం. మూడేళ్లకు పైగా పేదవాడి దగ్గర మూడింతలు తీసుకున్న దాని మీద మన తెలుగు పత్రికల్లో అరకు అందాల మీద వచ్చినన్ని వ్యాసాలు వచ్చాయా? నా కంటపడలేదు.

అద్దాల పెట్టె గురించి కూడా ఒక మాట. 2017 ఏప్రిల్‌లో ఈ బండికి విస్టాడోమ్ పెట్టె తగిలించారు. పైకప్పుకూ అద్దాలు, గుండ్రంగా తిరిగే కుర్చీలు. నేను దానికి వ్యతిరేకిని కాను. డబ్బున్నవాళ్లు కొండలు చూసి సంతోషిస్తే కొండలకేమీ నష్టం లేదు. అద్దాల పెట్టె తగిలించేటప్పుడు జనరల్ పెట్టె ఒకటి ఊడదీయకుండా ఉంటే చాలు. కాని ఆ పెట్టె వచ్చాక బండికి రెండు ముఖాలొచ్చాయి. ఒక ముఖానికి ఈ బండి విహారం, రెండో ముఖానికి జీవనాధారం. అధికారులు, మంత్రులు, పత్రికలవారు మొదటి ముఖాన్నే చూస్తున్నారు. రేపు బండి వేళలు మార్చాల్సి వస్తే ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

ఇప్పుడు డివిజన్ల పంచాయితీ చూడండి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఇస్తామని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. రాయగడలో కొత్త డివిజన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ మరుసటి నెలలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ విభజనకు ఆమోదం తెలిపింది. దాని ప్రకారం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న మార్గం రాయగడ డివిజన్‌కు, అంటే భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు తీర రైల్వేకు వెళ్తుంది. ఆంధ్రలో గోల మొదలైంది. అరకు పోయింది, బొర్రా పోయింది, ఖనిజం రాబడి పోయింది! నేను చదివినంతలో ఈ గోలలో అన్నీ వినబడ్డాయి, ఒక్కటి తప్ప. విశాఖ డివిజను ఆఫీసుతో దశాబ్దాలుగా తెలుగులో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుకుంటున్న కొరాపుట్, జయపురం తెలుగువాళ్లు ఏమవుతారన్నది. మేము పోయామని ఎవరూ అనలేదు. అనరు కూడా. మేము 1936లోనే పోయామని వాళ్ల లెక్క.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మార్గం ఏ డివిజన్‌లో ఉండాలన్నది నాకు పట్టింపు లేదు. ఒడియా ఈ నేల భాష. మా పిల్లలు అందులో చదువుకుంటున్నారు, మేము అందులో లావాదేవీలు చేస్తున్నాం, స్టేషను బోర్డు మీద ఒడియా ఉండటం న్యాయం. రాయగడ మాకు విశాఖకన్నా దగ్గర. కావాలంటే రేపు అక్కడికే వెళ్లి అర్జీ పెట్టుకుంటాం. మాకు కావలసింది జెండా కాదు, బండి. 2011 జనగణన ప్రకారం ఒడిశాలో దాదాపు ఆరున్నర లక్షల మంది తెలుగు మాతృభాష అని చెప్పుకున్నారు. ఇంతమంది ప్రయాణికులు ఏ డివిజన్‌కైనా తక్కువ కాదు.

ఇక మనవాళ్ల సంగతి. ఇది చెప్పకపోతే పై మాటలన్నీ పరనింద కిందికి వస్తాయి. మన తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి మంత్రులనూ అధికారులనూ పిలుస్తాయి, శాలువా కప్పుతాయి, ఒక వినతిపత్రం చేతిలో పెడతాయి. ఆ వినతిపత్రాలు నేను చూశాను. హైదరాబాదుకు నేరు బండి కావాలి, తిరుపతికి నేరు బండి కావాలి, ఏసీ పెట్టెలు పెంచాలి, విస్టాడోమ్‌ను మన ఊరి దాకా పొడిగించాలి. ఇవి అడగకూడనివి కావు. కాని వీటిలో పాడువా ఉందా? భేజా ఉందా? సుకు ఉందా? ఉండవు. ఎందుకంటే వినతిపత్రం రాసే మనకు కారుంది. మన పిల్లలు బెంగళూరులో ఉన్నారు, వాళ్లు విమానంలో విశాఖ దాకా వస్తారు. పాసింజరు ఎక్కేది మన ఇంట్లో పనిచేసే మనిషి, మన దుకాణానికి అల్లం తెచ్చే రైతు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు కారు. పరోజాలు, గదబలు, కోదులు. మనతో తెలుగులో, ఒడియావారితో దేశియలో, ఇంట్లో తమ భాషలో మాట్లాడుకునేవాళ్లు. అల్పసంఖ్యాకుల హక్కులని వేదిక ఎక్కి చెప్పుకునే మనం, మనకన్నా అల్పసంఖ్యాకులైన వాళ్ల బండిని గుర్తుపెట్టుకోకపోతే ఆ హక్కులకు అర్థమేమిటి? మనల్ని ఆంధ్రవారు మరచిపోయారని ఫిర్యాదు చేసే నోటితోనే మనం వీళ్లను మరచిపోతున్నాం.

ఏం అడగాలో చెప్పకుండా వ్యాసం ముగించడం సభామర్యాద కావచ్చు గాని పని జరిగే పద్ధతి కాదు. అంచేత వరసగా చెబుతాను.

మొదటిది, ఈ బండి పాసింజరుగానే, పాసింజరు చార్జీతోనే ఉండాలి. వేగం పెంచే పేరుతో ఒక్క హాల్టు కూడా తీసివేయరాదు. పేరు మార్చి ధర పెంచే పని 2020 తరువాత చూశాం, రెండోసారి చూడటానికి సిద్ధంగా లేం.

రెండోది, కొరాపుట్ నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, అన్ని స్టేషన్లలో ఆగుతూ ఆసుపత్రి వేళకు విశాఖ చేరి, సాయంత్రం నాలుగింటికి అక్కడ బయల్దేరి రాత్రికి తిరిగి వచ్చే బండి ఒకటి కావాలి. మూడు రోజుల ప్రయాణం ఒక్క రోజవుతుంది. యాత్రికుడి సౌకర్యం కోసం వేళలు అమర్చగలిగినవారికి రోగి కోసం అమర్చడం కష్టం కాదు.

మూడోది, కొరాపుట్, జయపురం స్టేషన్లలో ఒడియా, హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులో కూడా బండి వేళలు రాయాలి, ప్రకటనలు వినిపించాలి. ఒడియా తీసి తెలుగు పెట్టమని ఎవరూ అనడం లేదు. ఇంకొక పలక వేలాడదీయమంటున్నాం. అలాగే అరకు, బొర్రా స్టేషన్లలో ఒడియా ప్రకటన కూడా ఉండాలి. మనకు కావలసిన మర్యాద అవతలివారికి ఇవ్వకుండా అడగడం నాకు ఇష్టం లేదు.

నాలుగోది, అన్నిటికన్నా తొందరగా అడగవలసినది. కొత్తవలస నుంచి కొరాపుట్ దాకా, అక్కడి నుంచి జగదల్‌పూర్ దాకా రెండో మార్గం పనులు చేపట్టారు. ఖనిజం బళ్లు పెంచడానికే ఆ పనులు. రెండో మార్గం పూర్తయితే ఎదురు బండి కోసం లూపులో పడి ఉండటమనే సాకు ఇక పనికిరాదు. అప్పుడు ఖాళీ అయ్యే వేళల్లో ఒక భాగాన్ని పాసింజరు బళ్లకు అట్టిపెట్టాలని ఇప్పుడే రాయించుకోవాలి. పట్టాలు పడ్డాక అడిగితే, వేళలన్నీ గూడ్సులకు కేటాయించామండీ అంటారు. రుణం మంజూరయ్యే ముందు షరతులు రాయించుకోవాలి గాని, సొమ్ము చేతులు మారాక రాయించుకోలేమన్నది నా ఉద్యోగం నాకు నేర్పిన పాఠం.

ప్రతి డివిజన్‌కూ ప్రయాణికుల తరఫున ఒక సంప్రదింపుల సంఘం ఉంటుంది. రాయగడ డివిజన్ కొత్తది కనుక ఆ సంఘంలో ఎవరెవరుండాలన్నది కూడా కొత్తగానే తేలుతుంది. మన సంఘాలు అక్కడ ఒక స్థానం అడగాలి. అడిగేటప్పుడు అర్జీ ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలి. కింద సంతకాలు మన సంఘాల అధ్యక్ష కార్యదర్శులవి మాత్రమే చాలవు. గోరాపూర్ నుంచి సుకు దాకా ప్రతి స్టేషను పక్క ఊరి సర్పంచి సంతకం, సంతకం రానివారి వేలిముద్ర ఉండాలి. పాసింజరు ఎక్కి, ఒక్కొక్క స్టేషనులో దిగి, రెండు మూడు రోజులు తిరిగితే ఆ సంతకాలన్నీ వస్తాయి. ఉగాది సభకు శాలువాలు కొనేలోపు ఆ పని చేయవచ్చు. నావంతుగా పాడువా నుంచి సుకు దాకా నేను తిరుగుతాను. అరకు నుంచి పాడువా దాకా ఎవరు తిరుగుతారో సంఘాలవారు ముందుకు రావాలి.